ఎడమ కాలి ఉద్యోగం

ఉదయగిరి,
3 జూన్ 2024

పెంచలా,

మీ మామ ఓబులయ్య సొంత చేత్తో రాసింది ఇది. చదివినాక మడిచి దాచుకో, పొయ్యిలో వెయ్యబాక.

ముందు జీవాల సంగతి, తర్వాత మనుషుల సంగతి. ఎనభై గొర్రెలు, మూడు పొట్టేళ్ళు, అన్నీ బాగుండాయి. దుర్గం కొండ కింద గడ్డి మాడిపోయింది. రైతుల చేలల్లో ఎరువు కోసం మంద పెట్టి తిప్పుతా ఉండాము. ముసలి పొట్టేలు ఇంకా తానే పెద్ద అనుకుంటాది. మీ అమ్మ ఆదిశేషమ్మ కూడా అంతే.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలు ఏందని నవ్వబాక. కొండాపురం వ్యాపారి ఫోనులో గొర్రె తొమ్మిది వేలన్నాడు, బండి తెచ్చినాక ఏడున్నర అన్నాడు. తొమ్మిదని నేనెప్పుడన్నానన్నాడు. ఆ రోజు నించి ఈ ఓబులయ్య అసలు మాట ఫోనులో ఆడడు. కాగితం మీద పడిన మాటను ఎవుడూ దబాయించలేడు. పైగా మీ అమ్మకు చెవుడు. ఫోను మోగితే స్పీకరు పెడతాది. ఆత్మకూరులో నువ్వు దగ్గితే ఈడ వీధంతా మందు చెప్తారు.

ఇప్పుడు అసలు మాట. మా పిల్లోడు మాధవ్ ఇంటరు తప్పినాడు. రెండోసారి కూడా. జీవాల ఎనక పొమ్మంటే ముళ్ళంటాడు, ఎండంటాడు. వాడికి నీ మాదిరి కంపెనీ ఉద్యోగం కావాలంట. నువ్వు ఏడేళ్ళ నించి ఆ బూట్ల కంపెనీలో పర్మినెంటు. మెళ్ళో కంపెనీ పేరుండే బిళ్ళ ఉండాది. మేము గొర్రెకు చెవి కోసి గుర్తు పెడతాము. చెవి చూస్తే ఇది ఓబులయ్యదని ఎవురైనా తోలకొచ్చి అప్పజెప్తారు. నీ బిళ్ళ కూడా అట్టాంటిదే. యాడ తప్పిపోయినా నిన్ను కంపెనీకి అప్పజెప్తారు.

కలిగిరిలో కేశవ అని ఒక ఏజెంటు ఉండాడు. అదే కంపెనీలో పర్మినెంటు ఉద్యోగం ఇప్పిస్తానంటాడు. అడిగే దుడ్డు ఇరవై గొర్రెలు అమ్మితే గానీ రాదు. మందలో నాలుగో వంతు. నువ్వు లోపల ఒక మాటేస్తే ఆ ఇరవై మిగులుతాయి.

మీ అమ్మ అడగమంటా ఉండాది: తింటా ఉండావా, ఆ సూపర్వైజరు ఎట్టా ఉండాడు?

కాగితం అయిపోయింది,
ఓబులయ్య


ఆత్మకూరు,
9 జూన్ 2024
(రాసి ట్రంకుపెట్టెలో పెట్టినది. పోస్టు చేయలేదు.)

మామా,

ఇది నీకు పంపుతానో లేదో తెలియదు. రాస్తే కోపం కొంచెం తగ్గుతుందేమో అని రాస్తున్నాను.

నాకు ఉద్యోగం లేదు. ఏప్రిల్ పన్నెండున తీసేశారు. ఆర్డర్లు తగ్గాయట. రెండు లైన్లు మూసేశారు. నూట నలభై మందిని క్యాంటీన్లో కూర్చోబెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి "మీరంతా మా కుటుంబం" అన్నాడు. కుటుంబం అనగానే నాకు అర్థమైపోయింది. జీతం ఇచ్చే రోజు ఎవడూ ఆ మాట అనలేదు. తర్వాత వరసలో నిలబెట్టి తలా ఒక స్టీలు టిఫిన్ బాక్సు ఇచ్చారు. అందులో టిఫిన్ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు.

ఏడేళ్ళు నేనేం చేశానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఎడమ కాలి బూటుకు సోలు అంటించాను. బెల్టు మీద బూటు వస్తుంది, గమ్ము పూస్తాను, సోలు పెడతాను, ప్రెస్సులో నొక్కుతాను. రోజుకు తొమ్మిది వందలు. అన్నీ ఎడమవే. కుడి బూట్లు గోడ అవతల లైనులో చేసేవాళ్ళు. వాళ్ళ ముఖాలు కూడా క్యాంటీన్లో టిఫిన్ బాక్సు తీసుకునే రోజే చూశాను.

బయటికొచ్చి ఆత్మకూరులో ఒక చెప్పుల షాపుకు పోయాను. "అనుభవం ఉందా?" అన్నాడు. ఏడేళ్ళన్నాను. "ఏం చేయగలవు?" అన్నాడు. చెప్పాను. ఆయన "నాకు గిరాకీలందరూ రెండు కాళ్ళతో వస్తారబ్బాయ్" అన్నాడు.

కంపెనీలో జ్వరం వస్తే జీతం వచ్చేది. ఇక్కడ జ్వరం వస్తే జ్వరమే వస్తుంది. ఎరువుల బస్తాలు మోశాను. టైల్సు మేస్త్రీ దగ్గర చేశాను. నిన్న చేరినవాడికిచ్చే కూలే నాకూ ఇస్తారు. నా ఏడేళ్ళు ఎవరికీ కనబడవు. వాన పడితే "రేపు రాపో" అంటారు. నెలంతా దొరికినచోటల్లా చేసినా, కంపెనీలో వచ్చినదాంట్లో సగం దాటడం లేదు.

ఇంకో సంగతి. బయటికి పంపేటప్పుడు మెడలో బిళ్ళ ఇచ్చేయమన్నారు. పోయిందని అబద్ధం చెప్పాను. బిళ్ళ పోతే ఫైను రెండు వందలు. కట్టి ఉంచుకున్నాను. మా ఇంటి ఓనరు రేణుకాదేవి గారు ఆ బిళ్ళ చూసే గది ఇచ్చారు. బిళ్ళ లేకుండా మెట్లెక్కితే ఆవిడ అడ్వాన్సు సంగతి ఎత్తుతారు. అందుకని బస్తాలు మోయడానికి కూడా బిళ్ళ వేసుకునే పోతాను.

మాధవ్‌కు మాటేయమన్నావు. నా మాట నన్నే ఆపలేకపోయింది మామా.

పెంచల్


ఆత్మకూరు,
9 జూన్ 2024

మామా, దండాలు.

నేను బాగున్నాను. ఉద్యోగం బాగుంది. మాధవ్‌ను మాత్రం ఈ కంపెనీకి పంపించవద్దు. గమ్ము వాసన తలకెక్కుతుంది. నిలబడి నిలబడి కాళ్ళు వాస్తాయి. క్యాంటీన్లో సాంబారు నీళ్ళు. ఏజెంటు మాట నమ్మవద్దు. గొర్రెలు అమ్మవద్దు. కారణాలు తీరికగా చెబుతాను.

సూపర్వైజరు చాలా మంచివాడు. అమ్మను అడిగానని చెప్పమన్నాడు.

పనికి టైమవుతోంది,
పెంచల్


ఉదయగిరి,
24 జూన్ 2024

సాంబారు బాగలేదని రాసిన మా గొప్ప అల్లుడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. మూడుసార్లూ ఒంటికి కారం పూసినట్టే ఉండాది.

గమ్ము వాసనంటావా? గొర్రెల దొడ్డిలో పుట్టినోడికి వాసన చెప్తావా? కాళ్ళు వాస్తాయా? నేను ముప్పై ఏళ్ళుగా కూర్చోని మేపతా ఉండానా? నీ పదో ఏట మీ నాయన పోతే నిన్నూ మీ అమ్మనూ ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు నేను సాంబారు ఎట్టా ఉంటాదని లెక్కేసుకోలేదు.

ఊళ్ళో ఏమనుకుంటారో చెప్పేదా? "పైకెక్కినోడు నిచ్చెన లాగేసుకున్నాడు" అంటారు. నేను అన్లేదు. మన పక్కింటి నాగులమ్మ అనింది. నేను ఇన్నాను, అంతే.

నీకు చేతనైతే ఒక మాట వెయ్యి. చాతకాకపోతే చాతకాదని రాయి. పేపరు భాషలో "కారణాలు తీరికగా" అని రాయబాక. తీరిక ఉండేది కలెక్టరుకు, పొట్టేలుకు.

మీ అమ్మ నీ ఉత్తరం చదివించుకుంది. సూపర్వైజరు మంచోడా అని మాత్రం రెండుసార్లు అడిగింది. అవునన్నాను. "అట్టనా" అని లేచి పొయ్యింది.

కోపంతోనే,
ఓబులయ్య


ఆత్మకూరు,
8 జులై 2024

మామా,

నిచ్చెన లాగేసుకున్నానన్న నాగులమ్మకు నా దండాలు చెప్పు. నిచ్చెన ఎవరు లాగారో ఆమెకు ఇంకోసారి చెబుతాను.

మాధవ్‌ను ఏదైనా పని మొత్తంగా నేర్చుకోమను. మొత్తంగా అంటే మొదలు నుంచి చివర దాకా. మా కంపెనీలో ఎవడికీ బూటు చేయడం రాదు. నాలుగు వందల మంది కలిస్తే ఒక బూటు వస్తుంది. నువ్వు ఒక్కడివే ఈనిన గొర్రెను చూస్తావు, పిల్లకు పాలు పట్టిస్తావు, మందు తాగిస్తావు, బేరమాడతావు. నీకు ఉద్యోగం పోవడమంటే ఏమిటో తెలియదు. నిన్ను తీసేయాలంటే ముందు గొర్రెలకు చెప్పాలి.

నేను ఈ మధ్య సెలవు దొరికినప్పుడల్లా అనుమసముద్రంపేట పోతున్నాను. అక్కడ దర్గా దగ్గర మస్తాన్ అని ఒకాయన ఉన్నాడు. వచ్చినవాళ్ళ చెప్పులు టోకెన్లిచ్చి చూసుకుంటాడు, పక్కనే కూర్చొని టైరు చెప్పులు చేస్తాడు. ముందు నుంచి చివర దాకా తానే. ఆయన పని చూస్తూ కూర్చుంటే నాకు సిగ్గేస్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

నీ దగ్గర తిన్న అన్నం మరచిపోలేదు. అందుకే వద్దంటున్నాను.

పెంచల్


ఉదయగిరి,
26 ఆగస్టు 2024

ఆఫీసరు పెంచలయ్య గారి సముఖానికి,

తమరికి ప్రమోషన్ వచ్చిందని మాకు ఆలస్యంగా తెలిసింది. నాగులమ్మ మొక్కు తీర్చుకోను దర్గాకు పొయ్యింది. నిన్ను చూసిందంట. కుర్చీ ఏసుకోని కూర్చోనుండావంట. మెళ్ళో బిళ్ళ ఉండాదంట. ముందర నాలుగు వందల జతల చెప్పులు వరస పెట్టి ఉంటే, ఒక్కోదాన్ని తిరగేసి సోలు నొక్కి చూస్తా ఉండావంట. "మీ పెంచలుడు జనం చెప్పులన్నీ తనిఖీ చేస్తా ఉండాడు, కంపెనీ వోళ్ళు సర్వేకు పంపినట్టుండాది, నన్ను చూసి మొకం తిప్పుకున్నాడు" అని ఊరంతా చెప్పింది.

ఊరు నన్ను మెచ్చుకుంది. నేను మీసం తిప్పినాను. ఇంటికొచ్చి కూర్చోని ఏడుపొచ్చింది. తనిఖీ ఆఫీసరైనోడు మామ కొడుక్కి గేటు కాడ పనైనా ఇప్పించలేడా?

సరే, నీ ఋణం వద్దు. కేశవతో మాటైపోయింది. ఉద్యోగం ఖాళీ అయి నాలుగు నెలలైందంట. కుర్చీ, మిషనూ సిద్ధంగా ఉండాయంట. ఎడమ కాలి సోలు అంటించే పనంట. ముందుండినోడు పనికిమాలినోడంట, అందుకని తీసేసినారంట. మన మాధవ్ అట్టాంటోడు కాదని చెప్పినాను.

వచ్చే నెల రెండో శనివారం ఇరవై గొర్రెలు సంతకు తోలకపోతాను. బండి బాడుగ దండగ. జీవాలకు కాళ్ళుండాయి, నాకూ ఉండాయి.

ఇట్లు, నిచ్చెన కిందోడు,
ఓబులయ్య

మీ అమ్మ మళ్ళీ అడగతా ఉండాది: సూపర్వైజరు ఇంకా మంచోడేనా?


ఆత్మకూరు,
2 సెప్టెంబరు 2024

మామా,

ఆ పనికిమాలినోడిని నేనే.

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. గొర్రెలు అమ్మి నువ్వు కొనబోయేది నా కుర్చీ. కుర్చీ కూడా కాదు, అక్కడ నిలబడే చెయ్యాలి. మా ఎడమ సోలు లైను మళ్ళీ తెరిచారు. అందులో మూడో ప్రెస్సు నాది. దాని పిడి వదులు. గుడ్డ చుట్టి బిగించింది నేనే. నీ కొడుకు ఆ గుడ్డ పట్టుకొని పని చేస్తాడు.

ఏప్రిల్లోనే నన్ను తీసేశారు. జూన్‌లో నీకొక ఉత్తరం రాసి పోస్టు చేయలేదు. ఇప్పుడు దీంతో కలిపి పంపుతున్నాను, చదువు. అప్పుడు ఎందుకు పంపలేదంటే, నువ్వు నా బిళ్ళ గురించి అంత గొప్పగా రాశావు. గొర్రె చెవి గుర్తుతో పోల్చావు. తప్పిపోతే అప్పజెప్పేవాళ్ళు ఎవరూ లేరని నీకెలా చెప్పను?

ఇప్పుడు ఆ లైను కంపెనీది కాదు, కాంట్రాక్టరుది. విచారించి వచ్చాను. నాకు నెల జీతం, పీఎఫ్, ఈఎస్ఐ ఉండేవి. కాంట్రాక్టరు ఇచ్చేది రోజు కూలి. పని ఉన్న రోజే. చేతికొచ్చేది నా జీతంలో సగానికి అటూ ఇటూ. అదే ప్రెస్సు, అదే బూటు, అదే కాలు. తక్కువైంది మనిషి ఖరీదొక్కటే. మాకు కూడా "రండి, పాతవాళ్ళు కదా" అని కబురొచ్చింది. పాతవాళ్ళని ఏమైనా ఎక్కువిస్తారా అంటే, "పాతవాళ్ళు కాబట్టి నేర్పే ఖర్చుండదు, అంతే" అన్నాడు కాంట్రాక్టరు మనిషి. మా లైనులోవాళ్ళు ఆరుగురు పోయారు కూడా. నేను వాళ్ళని తప్పు పట్టను. వాళ్ళకు పిల్లలున్నారు. అలాంటి పనికి కేశవకు డబ్బు కట్టడమెందుకు? గేటు దగ్గర నిలబడితే ఊరికే పిలుస్తారు.

దర్గా దగ్గర నాగులమ్మ చూసింది నన్నే. తనిఖీ కాదు. మస్తాన్ భాయ్ దగ్గర టోకెన్ల పని చేస్తున్నాను. జనం తక్కువున్నప్పుడు సోళ్ళు నొక్కి చూడటం నాకు అలవాటైపోయింది. "ఎడమవే చూస్తావేందిరా, కుడివి ఏం పాపం చేసినాయి?" అని భాయ్ రోజూ నవ్వుతాడు. నాగులమ్మను చూసి మొహం తిప్పుకున్న మాట నిజం. ఆమె చెప్పులకు టోకెన్ ఇచ్చింది కూడా నేనే. ఇరవై ఏడో నంబరు. అడుగు.

గొర్రెలు అమ్మొద్దు మామా. సిగ్గు విడిచి రాస్తున్నాను.

పెంచల్


ఉదయగిరి,
9 సెప్టెంబరు 2024

పెంచలా,

ఉద్యోగం పొయ్యినోడు ఇంత పొగరుగా రాస్తాడా? నేను చూసినాను ఉద్యోగం పొయ్యినోళ్ళని. గొంతు లేవదు వాళ్ళకు.

జూన్ ఉత్తరమని పంపినావే, దాని మీద పాత తేదీ ఏస్తే పాతదైపోతాదా? మడతలు కూడా కొత్తగా ఉండాయి. కాగితం మీద పడిన మాటను ఎవుడూ దబాయించలేడని నేనే నీకు చెప్పినాను. నా మంత్రం నా మీదే ఏసినావు.

ఉద్యోగం పొయ్యినోడు రెండు వందలు ఫైను కట్టి బిళ్ళ పెట్టుకుంటాడా? చచ్చిన గొర్రెకు ఎవుడన్నా గంట కడతాడా? కేశవను అడిగినాను. నవ్వినాడు. "లోపలుండేవోళ్ళు ఇట్టనే చెప్తారు ఓబులయ్యా, పోటీ రాకుండా" అన్నాడు. మాధవ్ అప్పుడే ప్యాంటు ఇస్త్రీ చేయించుకున్నాడు.

టోకెన్ నంబరు అడిగినాను. ఇరవై ఏడే అనింది నాగులమ్మ. ఆఫీసరు స్వయంగా ఇచ్చినాడని ఇప్పుడు ఆ టోకెన్ సంగతి కూడా ఊళ్ళో చెప్తా ఉండాది.

శనివారం జీవాలు కదల్తాయి. ఇంక రాయబాక.

ఓబులయ్య


ఆత్మకూరు,
11 సెప్టెంబరు 2024

మామా,

రాయబాకంటే రాయను. ఉదయగిరి బస్సు కండక్టరుకు ఈ సంచి ఇస్తున్నాను. ఇందులో రెండు వస్తువులున్నాయి.

ఒకటి బిళ్ళ. ఐదు నెలలు దాన్ని నేను మోశాను. ఇక నువ్వు మోయి. రేణుకాదేవి గారు మెడ చూసి "బిళ్ళేది?" అన్నారు. ఉద్యోగం పోయిందండీ అన్నాను. "ఆ సంగతి మేలోనే తెలుసు. బస్తాల దుమ్ముతో మెట్లెక్కే ఆఫీసరు ఉంటాడా? అద్దె ఆగలేదు కదా అని ఊరుకున్నా" అన్నారు. రెండు వందలు దండగ.

రెండోది టైరు చెప్పులు. మస్తాన్ భాయ్ చేయి పెట్టలేదు. టైరు కోసింది, పట్టీ కుట్టింది, మేకులు కొట్టింది నేనే. నా చేత్తో మొత్తంగా చేసిన మొదటి జత. నీ కాలి కొలత నాకు గుర్తుంది, చిన్నప్పుడు నీ చెప్పులేసుకొని చాలాసార్లు తన్నులు తిన్నాను.

గొర్రెలు అమ్ముకోవాలంటే అమ్ముకో. ముళ్ళు గుచ్చుకోకుండా ఈ చెప్పులేసుకొని తోలుకుపో.

పెంచల్


ఉదయగిరి,
17 సెప్టెంబరు 2024

నాయనా పెంచలా,

నింపాదిగా చదువు. నేనూ నింపాదిగా రాస్తా ఉండాను.

శుక్రవారం సంచి అందింది. బిళ్ళ చూసి, దొంగ బిళ్ళ చేయించి పంపినాడనుకున్నాను. మాధవ్ దాన్ని మెళ్ళో ఏసుకోని అద్దం ముందర నిలబడినాడు. చెప్పులు మాత్రం బాగుండాయి. కోపం నీ మీద గానీ చెప్పుల మీద కాదు గదా. ఏసుకున్నాను.

శనివారం తెల్లారి ఇరవై గొర్రెలను ఏరి, నేనూ మాధవూ కలిగిరి రోడ్డు పట్టినాము. రెండు మైళ్ళు నడిచినాము. కుడి చెప్పు పట్టీ ఊడింది. రాయితో మేకు కొట్టుకున్నాను. ఇంకో ఫర్లాంగుకు ఎనక పట్టీ కూడా ఊడింది. ఇంకో నాలుగడుగులకు పొరలు విడిపొయ్యి రొట్టె మాదిరి నోరు తెరిచింది. రోడ్డు పక్కన కూర్చోని నిన్ను మొదలు నించి చివర దాకా తిట్టినాను. మొత్తంగా తిట్టడం నాకొచ్చు.

తిట్టి తిట్టి, ఎడమదాని సోలు కూడా పీకి పారేద్దామని పట్టుకోని లాగినాను. రాలేదు. మాధవ్ లాగినాడు. రాలేదు. కర్ర పెట్టి ఎత్తినాము. కర్ర ఇరిగింది. సోలు మీద సోలు ఏసి నొక్కినావే, అది రాయి. మా జీవితంలో అట్టాంటి చెప్పు చూళ్ళేదు.

రెండూ పక్కన పెట్టుకోని చూస్తా కూర్చున్నాను. ఒక్కడి చెయ్యే. ఒకటి కోట, ఒకటి పేక మేడ. మాధవ్ అన్నాడు, "నాయనా, బావ రాసింది నిజమే. ఇది ఏడేళ్ళు ఎడమది మాత్రమే చేసినోడి జత. ఆఫీసరు చేసింది కాదు" అని. రెండుసార్లు ఇంటరు తప్పినోడికి తెలిసింది, నాకు తెలీలేదు. ఉత్తరంలో అబద్ధం రాయొచ్చు. కుడి చెప్పులో అబద్ధం చెయ్యడం ఎవురికి చాతనవుతాది?

జీవాలను ఎనక్కి తిప్పినాను. ముసలి పొట్టేలు తానే తిప్పినట్టు ముందర నడిచింది. నేను ఎడమ చెప్పుతో, కుడి కాలు ఒట్టిగా, కుంటతా ఇల్లు చేరినాను. ఇరవైకి ఇరవై దొడ్లో ఉండాయి. కేశవ ఫోను చేస్తే నేను ఫోనులో మాట్లాడనని ఫోనులోనే చెప్పి పెట్టేసినాను.

ఇప్పుడు నిన్ను తిట్టాల్సింది ఒకటి మిగిలింది. ఉద్యోగం పొయ్యినోడికి ఈ ఇంట్లో కంచం ఉండదని ఎవురు చెప్పినారు నీకు? నేను నీకు అన్నం పెట్టినానా, బిళ్ళకు పెట్టినానా? ఎండాకాలమంతా ఎరువుల బస్తాలు మోసినావంట. చదివేటప్పుడు అబద్ధమనుకోని నవ్వినాను కూడా. అది తలుచుకుంటే అన్నం దిగడంలా.

మీ అమ్మకు మొదటి నించీ తెలుసంట. "ఏడేళ్ళుగా సూపర్వైజరును తిట్టకుండా ఒక్క ఉత్తరం రాయలేదు వాడు. మంచోడని రాసినప్పుడే అనుకున్నా, ఉద్యోగం పొయ్యిందని" అనింది. మరి నాకెందుకు చెప్పలేదంటే, "నువ్వు కాగితం మీద ఉంటేనే గదా నమ్మేది" అనింది.

బిళ్ళను ముసలి పొట్టేలు మెళ్ళో కట్టినాను. మంద మొత్తంలో ఇప్పుడు అదొక్కటే పర్మినెంటు. బిళ్ళ పడినప్పటి నించి మిగతా రెండు పొట్టేళ్ళు దారిస్తా ఉండాయి.

ఈడ గొర్రెలోళ్ళం పన్నెండు మందిమి ఉండాము. ఎడమ చెప్పు చూసి అందరికీ కావాలంటా ఉండారు. కుడిది చూపించలేదు. కాలి కొలతలు పురికొసలకు ముళ్ళేసి పంపుతా ఉండాను, పేర్లు చీటీ మీద కట్టినాను. ముందు కుడివి చెయ్యి.

మీ మామ,
ఓబులయ్య


ఆత్మకూరు,
6 నవంబరు 2024

మామా,

అమ్మకు ముందుగా: సూపర్వైజరు వెధవ. ఏడేళ్ళూ వెధవే. ఈపాటికి మనసు కుదుటపడి ఉంటుంది.

మాధవ్ ఇక్కడ నా దగ్గర పనికొచ్చి నెలైంది. పడమటి వైపు రోడ్లన్నీ తిరిగి పాత టైర్లు తెస్తున్నాడు. బేరమాడటంలో నిన్ను మించాడు. కోయడం, కుట్టడం కూడా నేర్చుకోమంటే ఎండకు తోలు కాలుతోందంటాడు. మనం కోసేది తోలు కాదు, టైరు అని చెప్పాను.

పురికొసల లెక్క ప్రకారం పన్నెండు కుడి చెప్పులు చేశాను. మొదటి మూడు నీ దాని లాగే నోరు తెరిచాయి. మస్తాన్ భాయ్ వాటిని దర్గా చెప్పుల స్టాండు ముందు వేలాడదీసి "మా ఇంజనీరు గారి చేతిపని" అని వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. నాలుగోది నిలబడింది. ఎనిమిదో దానికి భాయ్ నవ్వడం మానేశాడు. పన్నెండోదాన్ని పట్టీ పట్టుకొని లాగి చూసి, నాకు టీ తెప్పించాడు. పాడైన మూడూ మళ్ళీ చేశాను. ఎడమవి ఒక్క పూటలో అయిపోయాయి, వాటి సంగతి చెప్పక్కర్లేదు.

ఉన్నమాట చెప్పాలి. నెలకు చేతికొచ్చేది కంపెనీ జీతంలో మూడింట రెండు వంతులు. వాన పడితే అదీ లేదు. పీఎఫ్ లేదు, జ్వరానికి కార్డు లేదు. ఆ పాత జీతాన్ని అందుకోవడానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. అసలు అందుకుంటానో లేదో. నన్ను తీసేసినవాళ్ళ మీద కోపం తగ్గలేదు, తగ్గదు. "సొంత పని, ఎంత సుఖమో" అని ఎవడైనా అంటే ఎడమ చెప్పుతో కొడతాను. కుడి దాంతో కూడా కొట్టగలను ఇప్పుడు.

నిన్న ఆ కాంట్రాక్టరు మనిషి స్టాండు దగ్గరికొచ్చాడు. లైనులో మళ్ళీ మనుషులు తక్కువయ్యారట. చెప్పులు విడిచి, టోకెన్ తీసుకొని, నన్ను గుర్తుపట్టి, "రా పెంచల్, నీ ప్రెస్సు నీకే" అన్నాడు. పీఎఫ్ ఉందా అన్నాను. చూద్దామన్నాడు. పేస్లిప్పు ఉందా అన్నాను. చూద్దామన్నాడు. "సరే, నేనూ చూస్తాను" అని అతని చెప్పులు తిరగేశాను. కుడి సోలు ఊడటానికి సిద్ధంగా ఉంది. కుట్టి ఇచ్చాను. అరవై రూపాయలు తీసుకున్నాను. ఏడేళ్ళలో ఆ కంపెనీ వైపు నుంచి కుడి కాలికి నాకు వచ్చిన మొదటి కూలి.

చెప్పుల మూట రేపటి ఉదయగిరి బస్సులో వస్తుంది. నీ జత వేరే కట్టాను, మీద పేరు రాశాను. వేసుకొని కొండ చుట్టూ తిప్పి, ఏది ముందు పోయిందో కాగితం మీద రాయి.

పొట్టేలుకు కూడా ఒక మాట చెప్పు. బిళ్ళ పోగొడితే ఫైను రెండు వందలు.

పెంచల్